గాలి పని కిటికీది, మొక్క పని వేరు

ప్రశ్న: మేము దసరా తర్వాత హన్మకొండలో కొత్త అపార్టుమెంటులోకి దిగాము. మూడో అంతస్తు, రెండు పడకగదుల ఫ్లాటు. గోడల రంగుల వాసన, కొత్త అల్మారాల వాసన ఇంకా పోలేదు. మా అత్తమ్మకు ఉబ్బసం ఉంది, మూడేళ్ల బాబు ఉన్నాడు. నర్సరీ అతను నాలుగు మొక్కలు పెడితే ఇంట్లో చెడు గాలినంతా అవే పీల్చుకుంటాయని చెప్పి స్నేక్ ప్లాంట్, మనీ ప్లాంట్, అరెకా పామ్, పీస్ లిల్లీ అని చీటీ రాసిచ్చాడు. రాత్రిపూట పడకగదిలో మొక్కలు ఉండకూడదని అత్తమ్మ అంటున్నారు. నేను ఉద్యోగానికి వెళ్తాను. ఇదివరకు పెంచిన మొక్కలన్నీ రెండు నెలలు తిరగకుండానే పోయాయి. ఏవి తెచ్చుకోమంటారు?
— ఒక పాఠకురాలు, హన్మకొండ

సమాధానం: మీ ఉత్తరంలో మూడు ప్రశ్నలు కలిసి ఉన్నాయి: మొక్కలు గాలిని శుభ్రం చేస్తాయా, రాత్రి పడకగదిలో ఉంచవచ్చా, మీ చేతిలో బతికే మొక్కలేవి. మొదటిదానికి నా సమాధానం మీ నర్సరీ అతనికి నచ్చదు, రెండోదానికి నేను చెప్పేది మీ అత్తమ్మకు నచ్చకపోవచ్చు, మూడోదాని దగ్గర మాత్రం అందరమూ ఒక మాట మీదికి రావచ్చు. మొక్కలు తెచ్చుకోండి, తప్పకుండా తెచ్చుకోండి. కానీ ఉబ్బసం ఉన్న మనిషి ఊపిరిని వాటి పూచీకి వదిలేయకండి.

నాలుగు మొక్కల మాట ఊరికే పుట్టింది కాదు. 1989లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా తరఫున బి.సి. వోల్వర్టన్ అనే శాస్త్రవేత్త తన సహచరులతో కలిసి ఒక నివేదిక వెలువరించారు. గాలి చొరబడకుండా బిగించిన చిన్న పారదర్శకమైన పెట్టెల్లో కుండీ మొక్కలను ఉంచి, లోపలికి బెంజీన్, ట్రైక్లోరోఇథిలీన్, ఫార్మాల్డిహైడ్ వంటి వాయువులను పంపి, 24 గంటల తర్వాత కొలిచి చూస్తే వాటి పాళ్లు తగ్గాయి. ఆ పనిలో ఆకులకే కాక వేళ్లను అంటిపెట్టుకున్న మట్టిలోని సూక్ష్మజీవులకు కూడా పెద్ద వాటా ఉందని అప్పుడే గుర్తించారు. ప్రయోగం అబద్ధం కాదు. అయితే వారి మనసులో ఉన్నది అంతరిక్ష నౌకలాగా బయటి గాలి రాని మూసిన చోటు, పెట్టెలోకి పంపిన వాయువు ఒక్కసారి పంపినదే. మీ ఇంట్లో అల్మారా చెక్క రోజూ కొత్తగా వాయువును వదులుతూనే ఉంటుంది, తలుపుల సందుల్లోంచి గాలి వస్తూ పోతూనే ఉంటుంది. పెట్టెలో గెలిచిన మొక్క ఇంట్లో గెలవదు.

ఎంత తేడా ఉంటుందో 2019లో లెక్క తేలింది. అమెరికాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయానికి చెందిన బ్రయాన్ కమ్మింగ్స్, మైకేల్ వేరింగ్ అప్పటిదాకా వచ్చిన 12 అధ్యయనాల్లోని 196 ప్రయోగాల ఫలితాలను ఒకే కొలతకు తెచ్చి చూశారు. మామూలుగా ఒక భవనంలోకి వచ్చిపోయే బయటి గాలి చేసే పనిని మొక్కలతో చేయించాలంటే ఒక్కో చదరపు మీటరుకు 10 నుంచి 1,000 మొక్కలు కావాలని వారి లెక్క. మీ ఫ్లాటు 1,000 చదరపు అడుగులనుకుందాం. అది సుమారు 93 చదరపు మీటర్లు. అంటే తక్కువలో తక్కువ చూసినా 930 కుండీలు. అప్పుడు నర్సరీ అతనే మీ ఇంటికి వచ్చి ఉండాలి, మీరు బయట ఉండాలి.

స్నేక్ ప్లాంట్, మనీ ప్లాంట్, అరెకా పామ్ అనే మూడు పేర్లు మన దేశంలో ఇంతగా తిరగడానికి ఢిల్లీకి చెందిన వ్యాపారవేత్త కమల్ మీట్టల్ 2009లో చేసిన ఒక ప్రసంగం కూడా కారణం. ఆయన చెప్పిన లెక్కను మాత్రం ఎవరూ గుర్తుపెట్టుకోలేదు: మనిషికి భుజమెత్తు అరెకా పామ్‌లు నాలుగు, నడుమెత్తు స్నేక్ ప్లాంట్లు ఆరు నుంచి ఎనిమిది, 300 మంది పనిచేసే భవనంలో 1,200 మొక్కలు. బల్ల మీద జానెడు కుండీ పెట్టమని ఆయన కూడా అనలేదు.

కాబట్టి వాసన సంగతి వాసన పుట్టే చోటే చూడండి. గోడల రంగు వాసన కొన్ని వారాల్లో తగ్గిపోతుంది. ఎక్కువకాలం వేధించేది అల్మారాల చెక్కపొడి పలకలను, ప్లైవుడ్ పొరలను అతికించే జిగురు. అందులోంచి వచ్చే ఫార్మాల్డిహైడ్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థకు అనుబంధమైన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో మనుషుల్లో క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది. భయపడి అల్మారాలు పీకించనక్కర్లేదు. ఈ వాయువు నెలలు గడిచేకొద్దీ తగ్గుతుంది. వేడికి, తేమకు మాత్రం ఎక్కువగా వెలువడుతుంది కనుక, మార్చి నుంచి మన దగ్గర మొదలయ్యే ఎండల్లో మూసిపెట్టిన ఇంట్లో వాసన మళ్లీ ముదురుతుంది. పగటిపూట ఇంట్లో ఉన్నంతసేపు అల్మారా తలుపులు బార్లా తెరిచి ఉంచండి, లోపలి సొరుగులు బయటికి లాగి పెట్టండి, ఎదురెదురు కిటికీలు రెండూ తెరవండి. ఒక్క కిటికీ తెరిస్తే గాలి తొంగిచూసి పోతుంది. రెండు తెరిస్తేనే ఇల్లంతా దాటి వెళ్తుంది. పలకల అంచులు, వెనక భాగం పూత లేకుండా పచ్చిగా వదిలేసి ఉంటే వడ్రంగిని పిలిచి వాటికి అంచు పట్టీ వేయించండి. వాయువు ఎక్కువగా వచ్చేది ఆ అంచుల్లోంచే.

కిటికీ ఎప్పుడు తెరవాలన్నది కూడా చూసుకోవాలి. ఈ చలికాలంలో తెల్లవారుజామున నేల దగ్గరి గాలి చల్లగా, పై గాలి కాస్త వెచ్చగా ఉండి, కుండ మీద మూకుడు బోర్లించినట్లుగా ఊరి పొగనంతా కిందనే పట్టి ఉంచుతుంది. వీధి చివర కాల్చిన చెత్త పొగ కూడా అందులోనే ఉంటుంది. ఎండ ఎక్కిన తర్వాత, పది గంటల నుంచి సాయంత్రం నాలుగు దాకా తెరవడం మేలు. మీరు ఉద్యోగానికి వెళ్తారు కనుక ఈ పని పగలు ఇంట్లో ఉండే మీ అత్తమ్మకు అప్పజెప్పండి. ఎండాకాలంలో దీనికి తలకిందులు: తెల్లవారగానే, మళ్లీ పొద్దుగూకిన తర్వాత. ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాలు దిగే రోజుల్లో ఆ వైపు నుంచి వచ్చే ఘాటు గాలి తగిలితే మాత్రం వేళతో పని లేకుండా కిటికీ మూసేయడమే మంచిది.

ఉబ్బసం ఉన్న ఇంట్లో కొత్త చెక్క వాసన కంటే నాకు ఎక్కువ భయం వేసేది దోమల కాయిల్. ఒక్క కాయిల్ పూర్తిగా కాలితే వచ్చే సన్నని ధూళి 75 నుంచి 137 సిగరెట్లు కాల్చిన దానితో సమానమని 2003లో వెలువడిన ఒక పరిశోధన లెక్కగట్టింది. మూసిన పడకగదిలో రాత్రంతా అది కాలుతుండగా మూలన మొక్కను పెట్టి ఏం లాభం? కిటికీలకు దోమల జాలీ బిగించండి, మంచానికి దోమతెర కట్టండి. అగరుబత్తి, సాంబ్రాణి పూజగదిలో మానలేకపోతే కిటికీ తెరిచి, ఒక్క బత్తితో ముగించండి. ఎండుమిరపకాయల తాలింపు వేసేటప్పుడు ఎగ్జాస్ట్ ఫ్యాను ముందే వేసి, స్టవ్ ఆపిన తర్వాత కూడా పావుగంట తిరగనివ్వండి. వైద్యులు ఇచ్చిన ఇన్‌హేలర్‌ను, ఇంట్లో ఎన్ని మొక్కలు పెట్టినా, వారు చెప్పకుండా మానవద్దు.

ఇక మీ అత్తమ్మ మాట. రాత్రిపూట మొక్క కూడా మనలాగే ప్రాణవాయువు తీసుకుని బొగ్గుపులుసు వాయువును, అంటే కార్బన్ డయాక్సైడును, వదులుతుందనే పాఠం ఆమె చిన్నప్పుడు చదివినదే అయి ఉంటుంది, ఆ పాఠం నిజమే. తేడా అంతా పరిమాణంలో ఉంది. ఒక మనిషి రోజుకు సుమారు 1 కిలో కార్బన్ డయాక్సైడును ఊపిరితో బయటికి వదులుతాడు. కుండీలోని మొక్క రాత్రంతా వదిలేది దాని పక్కన లెక్కలోకి రాదు. మూడేళ్ల మనవడిని పక్కన పడుకోబెట్టుకోవడానికి భయపడని నానమ్మ మొక్కకు భయపడనక్కర్లేదని నెమ్మదిగా చెప్పి చూడండి. అదే సమయంలో నర్సరీల్లో వినిపించే మరో మాటను కూడా నమ్మకండి: స్నేక్ ప్లాంట్ రాత్రంతా ఆక్సిజన్ ఇస్తుందని. ఎండ దేశపు మొక్క కాబట్టి అది నీరు ఆవిరైపోకుండా పగలు ఆకు రంధ్రాలు మూసుకుని, రాత్రి తెరిచి కార్బన్ డయాక్సైడును లోపలికి తీసుకుని దాచుకుంటుంది. అంతవరకు నిజం. ఆక్సిజన్ తయారుకావడానికి మాత్రం వెలుతురు కావలసిందే.

అయితే ఉబ్బసం ఉన్నవారి గదికి మొక్క వల్ల వచ్చే చిక్కు ఇంకొకటి ఉంది. ఎప్పుడూ తడిగా ఉండే కుండీ మట్టి మీద తెల్లటి బూజు పడుతుంది, ఆ బూజు రజను ఉబ్బసాన్ని రేపగలదు. అందుకే అత్తమ్మ గదిలో పెడితే ఒకే ఒక కుండీ, అదీ పైమట్టి ఎండి ఉండేలా చూసుకునేది పెట్టండి. ఆమెకు ఇష్టం లేకపోతే అసలు పెట్టకండి. హాలు ఉండనే ఉంది.

ఇంత చెప్పి మొక్కలు ఎందుకు తెచ్చుకోమంటున్నానో కూడా చెప్పాలి. 1984లో రోజర్ ఉల్రిక్ అనే పరిశోధకుడు పిత్తాశయం ఆపరేషన్ చేయించుకున్న 46 మంది రోగుల రికార్డులను పరిశీలించారు. వారిలో సగం మంది మంచాల పక్క కిటికీలోంచి చెట్లు కనిపించేవి, మిగతా సగానికి ఇటుక గోడ కనిపించేది. చెట్లు చూసినవారు కాస్త ముందుగా ఇంటికి వెళ్లారు, గట్టి నొప్పిమందులు తక్కువగా వాడారు. అది కిటికీ బయటి చెట్ల సంగతే తప్ప కుండీల సంగతి కాదు. కుండీల సంగతి 2015లో కొరియాలో చూశారు: 24 మంది యువకుల చేత కాసేపు మొక్కను కుండీ మార్పించి, కాసేపు కంప్యూటరు పని చేయించి పోల్చితే, మొక్క పని చేసిన తర్వాత వారి మనసు, రక్తపోటు కూడా నెమ్మదించాయి. చిన్న పరిశోధన, పెద్ద మాటలు కట్టకూడదు. కానీ ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విడిచి, పాత బనియన్ ముక్క తడిపి ఒక్కొక్క ఆకు మీది దుమ్ము తుడిచిన పది నిమిషాలు నాకు ఫోను చూసిన పది నిమిషాల్లా ఉండవు.

మీ చేతిలో మొక్కలు ఎందుకు పోయాయో ఉత్తరంలో రాయలేదు కానీ ఊహించగలను. తీరిక లేనివారి మొక్కలు ఎండి చస్తాయని అందరూ అనుకుంటారు. నేను చూసినంతలో ఎక్కువగా మునిగి చస్తాయి. సుబేదారిలో అద్దెకున్న రోజుల్లో నేను తెచ్చిన మొదటి స్నేక్ ప్లాంటుకు తులసికి పోసినట్లే రోజూ చెంబెడు నీళ్లు పోశాను. నెల తిరిగేసరికి ఒక ఆకు పక్కకు వాలింది. నిలబెడదామని పట్టుకుంటే మొదలుతో సహా చేతిలోకి వచ్చేసింది, కింది భాగం కుళ్లిన ఉల్లిగడ్డలా మెత్తగా, అదే కంపుతో. దాహమేసిందనుకుని మిగిలినదానికి ఇంకా పోశాను. తర్వాత చెప్పేదేముంది.

కాబట్టి మీకు మొదటి మొక్క స్నేక్ ప్లాంటే. ఇంగ్లీషులో దానికి అత్తగారి నాలుక అని ఇంకో పేరు ఉంది, ఇంట్లో ఆ పేరు చెప్పకపోవడం మంచిది. పశ్చిమ ఆఫ్రికా దాని పుట్టిల్లు. మన ఎండ దానికి కొత్త కాదు, మన ప్రేమే దానికి కొత్త. ఎండాకాలంలో రెండు మూడు వారాలకు ఒకసారి, వానాకాలంలో, చలికాలంలో నెలకు ఒకసారి నీళ్లు చాలు. తేదీలు చూసి పోయకండి. చీపురు పుల్లను కుండీ అడుగుదాకా గుచ్చి, ఇడ్లీ ఉడికిందో లేదో చూసినట్లు పైకి తీయండి. పుల్లకు తడిమట్టి అంటుకుని వస్తే ఇంకో వారం ఆగండి. పొడిగా వస్తే కింది చిల్లులోంచి కారేదాకా పోసి, పళ్లెంలో నిలిచిన నీటిని పారబోయండి. రెండు నెలలు ఇలా చేస్తే కుండీని ఎత్తగానే బరువును బట్టే తెలిసిపోతుంది, పుల్లతో పని ఉండదు.

జెడ్‌జెడ్ ప్లాంట్ కూడా ఇంతే. మట్టిలో ఆలుగడ్డల్లాంటి దుంపల్లో నీరు దాచుకుంటుంది. సెలవులకు ఊరెళ్లి మూడు వారాలకు వచ్చినా మొహం మాడ్చుకోదు. వెలుతురు తక్కువగా ఉండే నడవాలో దాన్ని మించినది లేదు.

ఇక్కడ మీ బాబు సంగతి రావాలి. పీస్ లిల్లీ, మనీ ప్లాంట్, జెడ్‌జెడ్ ప్లాంట్, ఈ మూడింటి ఆకుల్లో సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు ఉంటాయి. పిల్లవాడు నమిలితే నోరు, నాలుక మండి వాస్తాయి. స్నేక్ ప్లాంట్ ఆకు తిన్నా కడుపులో వికారం, వాంతులు రావచ్చు. అందుకే పీస్ లిల్లీని చీటీలోంచి ఇప్పటికి కొట్టేయండి; అది నీళ్లకు కూడా పేచీ పెట్టే మొక్క, ఒక్క రోజు తప్పితే వాడి వేలాడుతుంది. మిగిలిన మూడింటినీ చేతికందని ఎత్తులో పెట్టండి. నేల మీద పెట్టదలిస్తే పిల్లలకు హాని లేనివి రెండు ఉన్నాయి: స్పైడర్ ప్లాంట్, అరెకా పామ్. స్పైడర్ ప్లాంట్ ఆకుల కొనలు ఎర్రబారి మాడినట్లు అయితే దానికి రోగం వచ్చిందనుకోకండి, బోరు నీటిలోని ఉప్పులు, ఫ్లోరైడ్ దానికి సరిపడవు. వాన నీళ్లు పట్టి పోస్తే కొత్త ఆకులు శుభ్రంగా వస్తాయి. అరెకా పామ్‌కు మంచి వెలుతురు, వారానికి రెండుసార్లు నీళ్లు, గాలిలో కొంత తేమ కావాలి. మన ఏప్రిల్, మే నెలల్లో ఏసీ గదిలో అది గడ్డిలా ఎండిపోతుంది. మొదటి ఏడాది మీకు దానితో పని లేదని నా అభిప్రాయం.

మట్టి గురించి ఎక్కువ ఆలోచించకండి. రేగడి మట్టి వద్దు, అది తడిస్తే బంక, ఎండితే బండ. ఎర్రచెల్క మట్టి రెండు పాళ్లు, ఇసుక ఒక పాలు, బాగా మాగిన పశువుల ఎరువు గానీ వర్మీ కంపోస్టు గానీ ఒక పాలు కలిపితే సరిపోతుంది. కుండీకి అడుగున చిల్లు ఉండాలి. అందంగా ఉందని చిల్లు లేని పింగాణీ కుండీ కొంటే అందులో మట్టి నింపకండి, చిల్లున్న ప్లాస్టిక్ కుండీని దానిలో దించి పెట్టుకోండి. నర్సరీ నుంచి తేగానే మట్టి మార్చకండి. మొక్కను రెండుగా విడదీయాలన్నా, పెద్ద కుండీలోకి మార్చాలన్నా మృగశిర కార్తెలో తొలకరి పడేదాకా ఆగడం మేలు. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో మాత్రం వేళ్లు కదిలించకండి, ఎరువు వేయకండి, పడమటి కిటికీ దగ్గరున్న కుండీలను రెండడుగులు వెనక్కి జరపండి. కూలరు గాలి నేరుగా తగిలే చోట ఏ మొక్కా పెట్టకండి. ఆకుల అడుగున దూదిలాంటి తెల్లటి పిండినల్లి కనిపిస్తే లీటరు నీటికి ఒక చెంచా వేప నూనె, రెండు చుక్కల గిన్నెల సబ్బు ద్రవం కలిపి సాయంత్రం పూట చల్లండి, వారానికోసారి మూడు వారాలు. ఆ పూట అత్తమ్మను వేరే గదిలో కూర్చోమనండి, వేప నూనె వాసన అందరికీ పడదు.

తులసిని లోపలికి తేవద్దు. దానికి రోజుకు నాలుగైదు గంటల ఎండ కావాలి, బాల్కనీయే దాని చోటు.

మనీ ప్లాంట్ కొననక్కర్లేదు. దొంగిలించి తెస్తేనే కలిసొస్తుందంటారు కానీ, మీ అపార్టుమెంటులో ఎవరినైనా అడిగితే జానెడు తీగ సంతోషంగా ఇస్తారు. కణుపుకు కొంచెం కింద కోసి, కింది ఆకు తీసేసి, ఆ కణుపు మునిగేలా గాజు సీసాలో నీళ్లు పోసి పెట్టండి. డెంగీని మోసే దోమ గుడ్లు పెట్టేది ఇలాంటి తేటనీటిలోనే, గుడ్డు దోమగా మారడానికి వారం పది రోజులు చాలు. కనుక ప్రతి శుక్రవారం సీసా నీళ్లను, కుండీ పళ్లేలను, కూలరు ఉంటే దాని తొట్టిని కూడా ఖాళీ చేసి, లోపలి గోడను వేళ్లతో రుద్ది కడిగి కొత్త నీళ్లు పోయండి. సీసాను బాబుకు అందని ఎత్తులో, కిటికీ వెలుతురు తగిలేచోట పెట్టండి. రెండు మూడు వారాల్లో కణుపు దగ్గర తెల్లని వేళ్లు దారాల్లా బయటికి వస్తాయి, ఆ రోజు వాణ్ణి ఎత్తుకుని చూపించండి.